దొర తల్లి పేరు

కెనడా మామ పోయాడన్న కబురు నాకు మాటగా రాలేదు, బొమ్మగా వచ్చింది. జడ్చర్లలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా మా ఊరి గ్రూపులో ఎవరో ఒక ఫ్లెక్సీ ఫోటో పెట్టారు. మధ్యలో మామ, తలకు తువ్వాల చుట్టుకొని, ఫోటో తీసేవాణ్ణి అనుమానంగా చూస్తున్నాడు. వెనకాల ఎర్ర ఆకున్న కెనడా జెండా. పైన మూలన రివ్వున లేస్తున్న విమానం. కింద పెద్ద అక్షరాలతో ‘కన్నీటి వీడ్కోలు’.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమే అయింది. ఈ వయసులో ఎట్లా సాధించాడో గానీ, పోనీలే, చివరికి చూడబోతున్నాడు అనుకున్నాను. వెంటనే బాపుకు ఫోన్ చేశాను.

“బాపూ, మామ కెనడా పోతున్నడా?”

“ఏం కెనడా బిడ్డా. పొద్దుగాల చాయ తాగి, గిలాస పక్కకు పెట్టి, గట్లనే ఒరిగిండు. మట్టి చేసుడు రేపు. నువ్వు రావాలె.”

అక్కడే బస్టాపు మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళనీళ్ళు తుడుచుకొని మళ్ళీ ఆ ఫ్లెక్సీ చూసేసరికి నవ్వొచ్చింది. కల్వకుర్తిలో ఫ్లెక్సీలు కొట్టే కుర్రవాడి దగ్గర పై చదువులకు పోయే పిల్లల కోసం తయారుగా ఉంచిన బొమ్మ ఒకటుంది. మావాళ్ళు పోయి ‘కెనడా మామ’ అని రాయమనేసరికి పాపం వాడు తనకు తోచిన మర్యాద తాను చేశాడు. అసలు పేరు రాయించవచ్చు కదా అంటే, అసలు పేరు ఎవరికీ గుర్తుకు రాలేదట. అత్తను అడిగితే ఆమె మొగని పేరు నోటితో ఎట్లా చెప్తుంది? ఏడుస్తూనే “మీ మామ” అందట. అందుకని అదే అచ్చయింది.

కెనడా మామ ఎన్నడూ కెనడా చూడలేదు. ఆయన చూసిన దూరదేశం హైదరాబాదు. కంటి ఆపరేషన్ కోసం దవాఖానకు తీసుకుపోతే, కట్టు విప్పగానే రోడ్డు చూసి, “గీ రోడ్డు దాటుడు నాతోని కాదు, కెనడా దాకనైతె ఓడల కూసోని పోవచ్చు” అని తిరిగొచ్చేశాడు. మరి ఆ పేరెందుకంటే, ఆయన నోరు తెరిస్తే కెనడాయే. ఎందుకంత కెనడా అన్నది చెప్పాలంటే ముందు ఆయన చేసే పని చెప్పాలి.

కల్వకుర్తికీ దేవరకొండకూ మధ్యన ఉంటుంది మా ఊరు. మా వైపు పైన రాయి, కింద రాయి, మధ్యలో రైతు. బోరు వేయించాలంటే ముందు ఎవరినైనా పిలిచి పాయింటు పెట్టించుకోవాలి, అంటే ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో చూపించుకోవాలి. కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా నడుస్తారు, కాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళు ఉన్నట్టు. కొందరిప్పుడు మిషన్లు మోసుకొస్తున్నారు. మామది వేప పంగ. రెండుగా చీలిన పచ్చి వేపకొమ్మ, రెండు కొసలూ రెండు పిడికిళ్ళలో, మొదలు ముందుకు. నీళ్ళున్న చోట ఆ మొదలు దానంతటదే కిందికి వంగుతుందని ఆయన లెక్క.

ఆ తతంగం చూసి తీరాలి. చేను అంచున గెట్టు మీద చెప్పులు విడిచేవాడు. వాటికి కాపలాగా అక్కడున్న వాళ్ళలో అందరికన్నా పెద్దమనిషిని నిలబెట్టేవాడు. “చెప్పులు పోతయన్న రంది ఉంటె మనసు చెప్పుల మీదనే ఉంటది, నీల్ల మీద ఉండది” అనేవాడు. సర్పంచి వస్తే సర్పంచే కాపలా. ఒకసారి అట్లా సర్పంచి ఫోన్ మాట్లాడుతుంటే కుక్కపిల్ల ఒక చెప్పు ఎత్తుకుపోయింది. మామ సగం చేనులో ఆగిపోయి, కర్ర దించి, “గందుకే వంగుతలేదు” అన్నాడు. ఊరంతా కుక్కపిల్ల వెంట పరుగెత్తింది, చెప్పు దొరికాక గానీ ఆయన అడుగు కదపలేదు.

చెప్పుల సంగతి కుదిరాక, కళ్ళు మూసుకొని, చేనంతా వినబడేలా అరిచేవాడు.

“సువార్తమ్మ కొడుకు పట్టిండు! రూతమ్మ కొడుకు పట్టిండు! పోచమ్మ కొడుకు పట్టిండు!”

సువార్తమ్మ కొడుకు తానే. రూతమ్మ కొడుకు వాళ్ళ నాయిన. పోచమ్మ కొడుకు వాళ్ళ తాత, వాళ్ళింట్లో మొదట ఆ కర్ర పట్టినవాడు. కర్ర పట్టిన ప్రతివాణ్ణీ తల్లి పేరుతోనే తలవాలన్నది తాత పెట్టిన నియమం. మగవాళ్ళ పేర్లెందుకు లేవని చిన్నప్పుడు అడిగాను. “తండ్రి పేరు పాసుబుక్కుల ఉంటది కోడలు పిల్లా. నీల్లిచ్చేది తల్లి. తల్లి పేరు చెప్తెనే తల్లి పల్కుతది” అన్నాడు. నేను వరసకు కోడలిని, మా బాపు ఆయనకు బావ. మాది వేరే కులం, వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, అయినా ఊళ్ళో వరసలు వరసలే.

మూడు పేర్లయ్యాక నాలుగోది వచ్చేది. అక్కడ ఆయన గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేవాడు. “దొర తల్లి కొడుకు... ఊఁ... పట్టిండు” అని గొణిగి, ఎవరైనా విన్నారేమోనని ఒక కన్ను తెరిచి చూసేవాడు.

ఆ దొరే కెనడా.

మా ఊరి మిషన్ కాంపౌండులో బావి తవ్వించిన ఒక తెల్లాయన ఉండేవాడు. బావి దొర అనేవారట. మామ వాళ్ళ తాత ఆ బావి పనిలో కూలికి పోయి, ఆయన దగ్గరే ఈ వేప పంగ విద్య నేర్చుకున్నాడు. బావి గట్టు మీద కూర్చొని దొర తన కథ తాతకు చెప్పుకున్నాడట. పుట్టింది ఇంగ్లాండులో. తండ్రి పోతే తల్లి సాకలేక, చిన్నతనంలోనే అనాథ పిల్లల ఇంట్లో వదిలింది. ఆ ఇంటివాళ్ళు పిల్లలను గుంపులు గుంపులుగా ఓడలెక్కించి కెనడాకు పంపేవారట, అక్కడి రైతుల ఇళ్ళలో పనికి. ఆ కాలంలో అట్లా పోయిన పిల్లలు ఎంతమందో. ఈ పిల్లవాణ్ణి ఒక ముసలి రైతు తీసుకుపోయాడు. పాలు పిండించాడు, మంచు ఎత్తించాడు, కర్ర పట్టుకొని నీళ్ళు వెతకడం కూడా నేర్పాడు. పెద్దయ్యాక దేవుని పని మీద మా ఊరొచ్చి, మళ్ళీ ఎక్కడికీ పోలేదు. కాంపౌండు వెనక సమాధుల తోటలో ఉన్నాడు.

విద్య నేర్పుతున్న రోజుల్లో తాత అడిగాడట, నీ తల్లి పేరేంది దొరా అని. దొర తెలుగు నేర్చింది మా ఊళ్ళోనే గనుక ఆయనదీ మా యాసే.

“అమ్మను అమ్మా అనే పిల్సిన. పేరు అడగాలన్న సోయి వచ్చేటాల్లకు ఓడల ఉన్న” అన్నాడట.

ఆ జవాబు మామ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా చివర “పాపం పోరడు” అనేవాడు. వాళ్ళ తాతకు గురువైన మనిషి, గడ్డం ఉన్న మనిషి, ఎన్నడో మట్టిలో కలిసిపోయిన మనిషి మామకు ఎప్పుడూ పోరడే.

ఇక్కడ మామ తెలివి కూడా చెప్పాలి. ఆయన చూపిన చోట నీళ్ళు పడ్డ బోర్లు ఉన్నాయి, లేవంటే అబద్ధం. కానీ దుమ్ము లేచినవే ఎక్కువ. దుమ్ము లేచినప్పుడు రైతు మొహం చూడలేము. మామ మాత్రం తలెత్తుకొనే నిలబడేవాడు.

“నా తప్పు లేదు. నాలుగో పేరు కాడ తెగింది లైను. నాలుగో స్తంభం కాడ వైరు తెగితె నీ ఇంట్ల బల్బు ఎలుగుతదా? చెప్పు!”

రైతు ఏం చెప్తాడు. కరెంటు గురించి మా రైతులకు తెలిసినంత ఎవరికి తెలుసు. తల ఊపి, మామను వదిలేసి, దొర తల్లిని తిట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. “ఎవతో గానీ కొంప ముంచింది” అనేవారు. ఇంగ్లాండులో ఎప్పుడో చచ్చిపోయిన ఒక పేదరాలు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎండిన ప్రతి బోరుకూ బాధ్యురాలైపోయింది. ఎండాకాలం వస్తే ఆమె మీద తిట్లు ఎక్కువయ్యేవి.

అయితే ఇది ఉత్త సాకనుకుంటే పొరపాటు. సాకుగా మొదలైందో ఏమో గానీ, ఆ పేరు కనుక్కోవాలన్న తపన ఆయనకు ఒంట్లో నాటుకుపోయింది. కాంపౌండుకు ఎవరు కొత్తగా వచ్చినా, పాస్టరు గానీ, సున్నం వేయడానికొచ్చిన కూలీ గానీ, ముందు అడిగేది అదే. తాను పోయేలోగా ఆ పేరు నోటితో అనాలి. అనకుండా పోతే పైన తాతకు ఏం చెప్పాలి? “తాత సంగతి సరే, దొర ఎదురొస్తె? మా అమ్మ పేరు దొర్కిందా అని అడుగుతె?” అనేవాడు.

చాయ హోటల్లో ఆయన్ని ఏడిపించడం మా ఊరి కాలక్షేపం. ఒకరోజు ఎవరో అడిగారు. “మామా, కెనడాల ఏడ చూసినా మంచే అంటవ్. మంచంటె నీల్లే గదా. పొయ్యి మీద పెడితె అయిపోతది. మల్ల కర్ర పట్టుకోని నీల్లు ఎతుకుడేంది?” మామ చాయ సగంలో వదిలి లేచిపోయాడు. మర్నాడు హోటల్ వాడు పొయ్యి ముట్టించకముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అడిగినవాడు రాగానే లేచి నిలబడి, “ఎండకాలం మంచు ఉండదు. గప్పుడు బర్లు ఏం తాగుతయ్?” అన్నాడు. రాత్రంతా ఆలోచించి తెచ్చిన జవాబది. హోటలంతా చప్పట్లు కొట్టింది, ఆయన నిన్నటి సగం చాయ కూడా కలిపి పోయమన్నాడు.

పేరు వల్ల ఇంకో తంటా ఉండేది. అచ్చంపేట వైపు నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకొని ‘కెనడా మామ’ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వీసా సంగతి తెలిసిన మనిషని ఎవరో చెప్పారట. మామ వాళ్ళకు మంచం వేసి, మంచినీళ్ళిచ్చి, అంతా శ్రద్ధగా విన్నాడు.

“పోరనికి పాలు పిండొస్తదా?”

“ఇంజినీరింగ్ చేసిండే.”

“గట్లయితె జర కష్టమే” అని మామ పిల్లవాడి వైపు తిరిగాడు. “అమ్మ పేరేంది నీది?”

“సర్టిఫికెట్లల్ల ఉంది అంకుల్.”

“కాయితం సంగతి అడుగుతలేను. నోటితోని చెప్పు.”

పిల్లవాడు చెప్పాడు. మామ మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాడు. “అగో, గిది మర్వకు. మిగిలినయన్ని గాడ దొర్కుతయి” అన్నాడు. వాళ్ళు వీసా ఆఫీసు ఇదేనా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకొని వెళ్ళిపోయారు.

నేను ఉద్యోగంలో చేరి పెద్ద ఫోన్ కొనుక్కున్న కొత్తలో, ఒక ఆదివారం మామ మా అరుగు మీదికి వచ్చాడు.

“కోడలు పిల్లా, నీ ఫోన్ల కెనడా ఉన్నదా?”

“అన్నీ ఉన్నయి మామా.”

“అయితె అడుగు.”

అట్లా మొదలైంది. అట్లా ఓడల్లో పోయిన పిల్లల బంధువులు ఒకరినొకరు వెతుక్కునే గ్రూపు ఒకటి ఇంటర్నెట్టులో దొరికింది. దొర సమాధి ఫోటో పెడదామని ఇద్దరం తోటకు పోయాము. తీరా పెట్టాక చూస్తే రాయి మీది పేరు కనబడటం లేదు, మామ తలే ఉంది. తాను లేకుండా గురువును ఒంటరిగా పంపడం ఆయనకు ఇష్టం లేదు. ఎంత బతిమాలినా జరగడు. చివరికి సమాధి వెనక నిలబెడితే పేరు కనబడింది, వెనకాల వేప పంగ ఎత్తి పట్టుకున్న మామ కూడా కనబడ్డాడు.

జవాబులు బాగానే వచ్చాయి. ఒకామె తలపాగా చుట్టడం ఎట్లా అని అడిగింది. తీగెలు వంచి నీళ్ళు వెతికే ఒక ముసలాయన ఎక్కడినుంచో తన ఫోటో పంపాడు, తీగెలు పట్టుకొని. మామ ఆ ఫోటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, “పట్టు సరిగ లేదు, మోచేతులు దించుమను” అన్నాడు. దించాడు. మరుసటి వారం దించిన ఫోటో వచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, చాలా కాలం ఫోటోలతోనే ఒకరినొకరు దిద్దుకున్నారు. దొర తల్లి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ప్రతి ఆదివారం మామ వచ్చి “పల్కిందా?” అని అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపితే ఒక చాయ తాగి పోయేవాడు.

చివరికి పలికింది. కెనడాలోనే ఉండే ఒక పెద్దావిడ, వాళ్ళ తాత కూడా అట్లా ఓడలో వచ్చిన పిల్లవాడేనట. ఇట్లాంటి వాళ్ళ బతుకులు వెతికి పెట్టడమే ఆమె కాలక్షేపం. సమాధి మీది పేరు పట్టుకొని నెలల తరబడి వెతికింది. ఒకరోజు, దొరికింది, మాట్లాడాలి, మొహం చూసి చెప్పాలి అంది.

మా అరుగు మీద పొద్దున్నే వీడియో కాల్. మామ పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఫోన్ను సజ్జల డబ్బాకు ఆనించి పెట్టాను. వెనకాల సగం ఊరుంది. ఆమె మాట్లాడుతుంటే నేను తెలుగులో చెప్తున్నాను.

“ఆమె పేరు మేరీ అట మామా.”

మామ మొహం వాడిపోయింది. “మేరీయేనా? మన వాడకట్టుల ఏ ఇంట్ల చూసినా మేరమ్మనే ఉంటది. గింతేనని తెలిస్తె ముందే అంటుంటిని గదా!”

నవ్వులు లేచాయి. స్క్రీనులో ఆమె కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. తర్వాత ఇంకేదో చెప్పింది. నేను ఆమెను మళ్ళీ చెప్పమన్నాను.

“ఏమంటుంది?” అన్నాడు మామ.

“ఆమె ఇండ్లల్ల బట్టలుతికేదట. పని పోతే పిల్లవాణ్ణి ఆ ఇంట్ల ఉంచింది, కొన్నాళ్ళకని. మళ్ళ పని దొరికినంక తీసుకపోదామని వచ్చిందట. ఓడ ఎక్కించినమని చెప్పిండ్రట.”

మామ తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“వచ్చిందా?”

“వచ్చింది మామా.”

“మల్ల చెప్పు.”

“కొడుకును తీసుకపోవడానికి వచ్చింది.”

“దొరకు తెల్వదా గీ ముచ్చట?”

అడిగాను. తెలిసి ఉండదు అంది ఆమె. మామ “ఇడ్సిపెట్టిందనుకోనే పోయిండన్నట్టు” అని, తువ్వాలతో మొహం మొత్తం కప్పుకున్నాడు. అటు ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. ఇటు మా అమ్మ, నేను, హోటలతను అందరం ముక్కులు ఎగబీలుస్తున్నాము. అప్పుడే మా కోడి ఒకటి అరుగెక్కి, డబ్బా పక్కన గింజలున్నాయనుకొని, ఫోన్ ముందు మెడ పెట్టి నిలబడింది. కెనడాలో ఆమెకు మామ పోయి కోడి కళ్ళు కనబడ్డాయి. ఎవరీమె అని ఆమె అడిగేసరికి ఏడుపులన్నీ నవ్వులో కలిసిపోయాయి.

ఇక లైను కలిసింది. మొదటి పాయింటు మా చేనులోనే అని బాపు ఎప్పుడో మాట తీసుకున్నాడు. మా పాత బోరు ఎండిపోయి ఉంది, ఆ ఏడు బాపు పత్తి కూడా సరిగ్గా మొలవలేదు. నీళ్ళు చూసే మిషన్ తెప్పిద్దాం అని నేనంటే, “ఇన్నొద్దులు పేరు లేక పడలే. ఇప్పుడు పేరున్నది గదా” అన్నాడు బాపు. ఇద్దరూ ఇద్దరే.

ఆ పొద్దు గెట్టు మీద చెప్పుల కాపలాకు సర్పంచి స్వయంగా, అడగకముందే, నిలబడ్డాడు. ఫోన్ జేబులోనే ఉంచుకున్నాడు. మామ కళ్ళు మూసుకున్నాడు.

“సువార్తమ్మ కొడుకు పట్టిండు! రూతమ్మ కొడుకు పట్టిండు! పోచమ్మ కొడుకు పట్టిండు! మేరమ్మ కొడుకు పట్టిండు!”

దగ్గలేదు. ఆ గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే పక్క చేనులో కొంగలు లేచిపోయాయి. కర్ర అంత గట్టిగా వంగడం నేనెప్పుడూ చూడలేదు, మామ దాని వెంట దాదాపు బోర్లా పడ్డాడు. అక్కడే రాయి పాతారు. తమిళోళ్ళ బోరు బండి వచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టారు, బండి మొదలైంది.

దుమ్ము లేచింది. ఎర్ర దుమ్ము, తర్వాత బూడిదరంగు దుమ్ము, తర్వాత పిండిలాంటి తెల్ల దుమ్ము. చాలాసేపటికి బండివాడు చెయ్యి ఊపి ఆపేశాడు. అక్కడున్న వాళ్ళమంతా తలలు, కనుబొమ్మలు తెల్లబడిపోయి, పిండిగిర్నీలోంచి వచ్చినట్టున్నాము. బాపు నెత్తిన చేతులు పెట్టుకొని గెట్టు మీద కూర్చున్నాడు. అందరూ మామ వైపు చూశారు. అలవాటుగా ఆయన నోరు తెరిచాడు.

“నా తప్పు లేదు. నాలుగో కాడ...”

ఆగిపోయాడు. నాలుగో కాడ ఇప్పుడు ఏ తెగుడూ లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, గుంత చూశాడు.

“అయితె గామె తప్పు లేదన్నట్టు” అన్నాడు మెల్లగా.

కర్ర కింద పెట్టి నా వైపు తిరిగాడు.

“కోడలు పిల్లా, ఇంగ్లాండు ఎటు దిక్కు?”

నాకు సరిగ్గా తెలియదు. పడమటి వైపని చెయ్యి చూపాను, జడ్చర్ల వైపు. మామ అటు తిరిగి, ఆ తెల్ల మొహంతో, రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా మేరమ్మా, తప్పు నాది. నాకు నీల్లు కనవడక నీ మీద ఏసిన. కొడుకు కోసం వచ్చినదానివి, నిన్ను ఊరూర తిట్టిపిచ్చిన. కడుపుల పెట్టుకో తల్లీ.”

ఆయన కళ్ళలోంచి కారిన నీళ్ళు చెంపల మీది దుమ్ములో రెండు చారలు గీశాయి.  బాపు లేచి వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశాడు.

“బావా, ఏడ్వకు. గీ చేన్ల పడ్డయి గింతె నీల్లు, అవి గూడ నీ కండ్లల్లయే.”

ముందు నవ్వింది మామే. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మాకు బోరు పోయింది, బాపుకు ఆ ఏడు పంట పోయింది, అయినా ఎందుకు అంతగా నవ్వామో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత కూడా మామ కర్ర వదల్లేదు. పిలిచేవాళ్ళు తగ్గారు గానీ పిలిస్తే పోయేవాడు, నాలుగు పేర్లూ అరిచేవాడు. దుమ్ము లేస్తే “తప్పు నాది” అనేవాడు, ముందుగానే, ఎవరూ అడగకముందే. కొన్నిసార్లు బండి ఇంకా ఆగకముందే అనేసేవాడు, ఆగవయ్యా అని రైతే బతిమాలుకునేవాడు. దొర తల్లిని మాత్రం మళ్ళీ ఎవరూ ఒక్క మాట అనలేదు. చర్చివాళ్ళు సమాధుల పండుగకు వాళ్ళ వాళ్ళ సమాధులకు సున్నం వేసి పూలు పెట్టుకునే రోజున, మామ దొర సమాధి దగ్గర కూర్చొని పెద్దగా చెప్పేవాడు, “మీ అమ్మ వచ్చింది దొరా. నువ్వు అప్పటికే పోయినవు గానీ, వచ్చింది” అని. ఏడాదికొకసారి చెప్తే మరిచిపోతాడేమోనని మధ్యలో కూడా పోయి చెప్పేవాడు.

తన సమాధి జాగా కూడా ఆయన అప్పుడే చూసుకున్నాడు. దొర పక్కనే, వేప పంగ పట్టుకొని నడిచి, అది వంగిన చోట కాలితో గీత గీశాడు. “గీడ చల్లగుంటది, గీడనే పెట్టుండ్రి” అని పాస్టరుకు, బాపుకు, ఇంకా దారిన పోయేవాళ్ళకు కూడా చెప్పిపెట్టాడు. అది విని అందరం నవ్వాం.

మట్టి రోజు పొద్దున నేను ఊరు చేరేసరికి తోట దగ్గర గోలగోలగా ఉంది. గుంత తవ్వేవాళ్ళు పైకెక్కి నిలబడి ఉన్నారు. నడుము లోతు దిగారో లేదో, అడుగున చెమ్మ వచ్చిందట. ఇంకాస్త దిగితే ఊట. నేను తొంగి చూశాను. తేట నీళ్ళు, నిజం నీళ్ళు, మెల్లగా, ఏ తొందరా లేకుండా పైకి వస్తున్నాయి.

ఆ ఏడు కాలువ నీళ్ళు వచ్చి చెరువు నిండాక ఊరి చుట్టూ ఊట పైకి లేచిందని అక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. ఇంకోచోట తవ్వుదామని పాస్టరు అంటే ఊరంతా ఒక్కసారే వద్దంది. ఆయన పాయింటు పెట్టిన జాగా అది. బక్కెట్లు తెచ్చి తోడారు, తోడిన నీళ్ళు దొర సమాధి మీది పూలమొక్కలకు పోశారు, అడుగున ఇసుక పరిచారు. బాపు గుంత అంచున నిలబడి లోపలికి చూస్తూ, “ఇన్నేండ్లు మాకు చూపియ్యక నీ కోసం దాసిపెట్టుకున్నవా బావా” అన్నాడు. ఆ గొంతులో కోపమే ఉందనిపించింది, కానీ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పెట్టె దింపి ప్రార్థన అయ్యాక, పాస్టరు చివరి మాట ఎవరైనా చెప్తారా అని అడిగాడు. అందరం చెప్పులు విడిచి ఉన్నాం. సర్పంచి ఎవరూ చెప్పకుండానే చెప్పుల దగ్గర నిలబడ్డాడు.  అప్పుడు బాపు కళ్ళు మూసుకొని, చేనులో అరిచినట్టు అరిచాడు.

“సువార్తమ్మ కొడుకు పట్టిండు!”

రెండో పేరుకు ఇంకో ఇద్దరు కలిశారు. మూడో పేరుకు ఎండిన బోర్ల రైతులంతా కలిశారు, ఎవరికీ నేర్పాల్సిన పని లేదు, అందరూ ఆ పేర్లు విని విని ఉన్నవాళ్ళే. నాలుగోది ఊరంతా అంది, నేను కూడా అన్నాను.

“మేరమ్మ కొడుకు పట్టిండు!”

ఎక్కడి మేరమ్మ. ఓడ వెళ్ళిపోయాక ఒట్టి చేతులతో ఇంటికి తిరిగి నడిచిన మనిషి. మా ఊరి సమాధుల తోటలో ఆమె పేరు గాలిలో అట్లా ఉండగానే, గుంత దగ్గర పార పట్టుకొని నిలబడ్డవాడు కంగారుగా చెయ్యి ఊపాడు.

“జర జల్ది కానియ్యుండ్రి, మల్ల ఊరుతున్నయి. మామ నానుతుండు!”